నీలిమందు పెట్టిన తెర

"హైమా, ఉపగ్రహాల కంపెనీలవాళ్లు ఒప్పుకున్నారు. రేపు చీకటి పడగానే నాలుగు నిమిషాలు ఉపగ్రహాలన్నీ మన నెత్తిమీద నుంచి తప్పుకుంటాయట." త్రినాథ్ వంటింట్లోకి వచ్చి, పిండి చేతులతో ఉన్న నన్ను అలాగే గిరగిరా తిప్పాడు.

మా పెళ్లయి పదహారు రోజులు. మా కొండమీది టెలిస్కోపు ఖాళీ ఆకాశం చూసి పదకొండేళ్లు. రేపు కూడా ఒక్క నక్షత్రం వెలుగునైనా సరిగ్గా కొలవలేకపోతే దాన్ని మూసేస్తారు.

"ముందు టెలిస్కోపు కన్ను సరిచూడాలి. తెల్ల తెర ఏది?" అన్నాడు.

"మాసిపోయిందని ఉతికాను. నీలిమందు కూడా పెట్టాను," అన్నాను గొప్పగా.

అతను పెరట్లోకి పరుగెత్తి, తెర ఆరుతున్న దండెం కిందే కూలబడ్డాడు. తెలుపంటే ఏమిటో టెలిస్కోపు ఆ తెరను చూసే తెలుసుకుంటుంది. కొత్తది రావాలంటే నెల. ఇద్దరం ఆరుసార్లు జాడించాం, నీలం వదల్లేదు.

"దుప్పట్లు?"

"వాటికీ పెట్టాను."

"ఇంట్లో నీ చేతికి దొరకని బట్ట ఏదైనా ఉందా తల్లీ?"

ఏడుస్తూనే ఆలోచించాను. ఉంది.

"నా మధుపర్కం చీర. ఇంకా నీళ్లలో పెట్టలేదు."

"అంచులకి పసుపుంది కదే."

"రేపు పొద్దున్నే అంచులు కత్తిరించేస్తాను. నీ మధుపర్కం పంచె కూడా తీసిపెట్టు, రెండూ కలిపి కుట్టాలి. చీర ఒక్కటే చాలదు."