గట్టు మీద కాకి

పిల్లకాలువకు అడ్డంగా గడ్డిపరక వేసుకుని చీమలు అవతలి పుట్టకు కబుర్లు మోసేవి. దాటిన చీమ పరకను గట్టు మీదికి లాగేయాలన్నది పుట్ట మర్యాద. ఎందుకో గానీ రోజుకో చీమ కబురుతో సహా నీళ్లలో పడి పోతోంది.

కారణం కనిపెట్టమని కాకిని పిలిచాయి. కాకి గట్టున కూర్చుని కన్నార్పకుండా చూసింది. దాని ముక్కుకు జడిసి, ఒక చీమ దాటాకే ఇంకొకటి పరక వేసుకుంది. ఒక్కటీ పడలేదు.

“పరకలో ఏ లోపమూ లేదు,” అని కాకి ఎగిరిపోయింది.

వెంటనే ఒకే పరక మీద రెండు చీమలు ఎక్కాయి. ముందుది గట్టెక్కి, వెనక్కి చూడకుండా, మర్యాదగా పరక లాగేసింది. రెండోది మునిగిపోయింది.

“కాకి ఉన్నంతసేపూ ఎవరూ పడలేదు. కాకినే ఉంచుదాం,” అంది ముసలి చీమ. మర్యాద జోలికి ఎవరూ పోలేదు.

కాకి ఒప్పుకుంది. జీతం, రోజుకో చీమ.