వర్గం చేయాల్సిన చోట

కొలత టేపుకు పట్టిన జిడ్డు తుడవాలి. చమురు ట్యాంకు మెట్ల కమ్మీలు కడిగించాలి. వచ్చే పన్నుల ఆఫీసరమ్మ ఫోను గేటు దగ్గరే తీసి పెట్టించాలి. చమురు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ పైకి రాకూడదు, కాలిక్యులేటరైనా సరే. ఆమె అడిగింది చూపించాలి. అడగనిది చెప్పకూడదు.

ఆఖరి పని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. కొలతల గుమాస్తా తలూపాడు. కంపెనీలో చేరిన ఈ పదమూడేళ్లలో అతనికి బాగా ఒంటబట్టిన విద్య అదొక్కటే.

భూమిలోంచి తోడే చమురు మీద కొత్తగా పన్ను వేశారు. వచ్చిందంతా సర్కారు బడులకే. ఇవాళ ట్యాంకు కొలిచి కట్టే లెక్క మీదే ఏడాది పొడవునా వసూలు.

ఆఫీసరమ్మకు పాతికేళ్లుంటాయి. ఇదే మొదటి ఉద్యోగం. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, బాబాయ్ కాస్త టేపు అందుకుంటారా అంది. ఇద్దరూ కలిసి లోతు కొలిచారు. ఆమె పై మెట్టు మీదే కూర్చుని, ఒళ్లో కాగితం పెట్టుకుని లెక్క మొదలుపెట్టింది.

"మా బళ్లో లెక్కలకు మాస్టారే లేరు బాబాయ్. ఉన్నాయన నేను ఎనిమిదిలోకి వచ్చే ఏడాదే మానేశారట. సూత్రాలన్నీ పద్యాల్లా అప్పజెప్పేవాళ్లం."

"మరెలా గట్టెక్కావమ్మా?"

"బట్టీ పట్టి. చదివినవే పరీక్షలో వచ్చాయి, నా అదృష్టం." నవ్వింది. వసూలు సరిపడా ఉంటే ముందు అలాంటి ఖాళీలే నింపుతారనీ, జాబితాలో తన బడే మొదట ఉందనీ ఊరి పేరుతో సహా చెప్పింది.

గుమాస్తా ఆమె భుజం మీదుగా కాగితం చూశాడు. ట్యాంకు వ్యాసార్ధం తొమ్మిది మీటర్లు. దాన్ని వర్గం చేయాలి. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. ఆమె రెట్టింపు చేసి పద్దెనిమిది వేసింది.

కాగితం మీద ట్యాంకులో చమురు పావు వంతైనా లేకుండా పోయింది. పన్నూ అంతే. ఆ బడికి ఈ ఏడాది కూడా మాస్టారు రాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కింద మేనేజరు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తున్నాడు. అడగనిది చెప్పకూడదు కదా అని గుమాస్తా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆమె కాగితం అతని చేతికిచ్చింది.

"ఒక్కసారి సరిచూడండి బాబాయ్. లెక్కలంటే నాకిప్పటికీ దడే."

అడిగేసింది. ఇక తప్పించుకునే దారి లేదు. కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పద్దెనిమిది దగ్గర చూపు నిలవలేదు.

"సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు.

సాక్షి సంతకం చేసి తిరిగిచ్చాడు. ఆమె దాన్ని మడిచి దాచుకుంది.

"మీ మేలు మర్చిపోను బాబాయ్."

ఆమె జీపు గేటు దాటేదాకా అతను మెట్లు దిగలేకపోయాడు. దిగాక మేనేజరు భుజం తట్టాడు. ఆ తట్టిన భుజాన్ని కోసి అవతల పారేయాలనిపించింది.

ఈ కథలో మీకు అతను గుర్తుండక్కర్లేదు. తెలియనిది తెలియదని ఒప్పుకుని సరిచూడమన్న ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి. ఆమె బళ్లో ఉద్యోగం మానేసి వచ్చిన లెక్కల మాస్టారు అతనే.