సంగమ్మ చెప్పిన గాలి

పడమట మొగుడంపల్లి దిక్కున గుట్టలు అంటుకుని మూడు రోజులయింది. జహీరాబాద్ గానుగ గల్లీలో భయం మాత్రం నాలుగో రోజు పొద్దున అంటుకుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే, నిప్పూ ఉంది, పొగా కనబడుతోంది. మధ్యలో పన్నెండు మైళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఆ ఉదయం బస్వరాజ్ కిరాణా కొట్లో బెల్లం మీద ఒక బూడిద రేణువు పడింది. అది ఆయన ఇంటి పొయ్యిలోదే కావచ్చునని ఎవరూ అనలేదు. బస్వరాజ్ గల్లీకి పెద్దమనిషి. ఆయన బెల్లం మీద మామూలు బూడిద పడదు.

"గాలి ఇటే ఉన్నది," అన్నాడాయన.

1979, మార్చి నెల. ఉగాదికి ఇంకా పది రోజులున్నాయి. గల్లీలో ఉన్నవాళ్ళంతా కొట్లవాళ్ళు, గుమస్తాలు. వాళ్ళకు తెలిసిన గాలల్లా సీలింగు ఫ్యానుది.

తహసీలు గుమస్తా అమర్నాథ్ వేలు తడిపి పైకెత్తాడు. తడి ఆరలేదు కాబట్టి గాలి లేదన్నాడు. టైలర్ విరూపాక్ష పడమటికి తిరిగి బీడీ వెలిగిస్తే పొగ అతని మొహం మీదికే వచ్చింది. కాబట్టి మంట పడమటి నుంచి వస్తోందని తేలింది. అతను ఇటు తిరిగి కూర్చున్నా పొగ మొహం మీదికే వచ్చింది. దాంతో మంట అన్ని దిక్కుల నుంచీ వస్తోందని తేలింది.

అప్పుడు అందరికీ సంగమ్మ గుర్తొచ్చింది.

సంగమ్మకు డెబ్భై నిండాయి. గల్లీ చివరింట్లో ఒక్కతే ఉంటుంది. ఝరాసంగం కల్లాల్లో నలభై ఏళ్ళు జొన్నలు తూర్పారబట్టిన మనిషి. గాలి సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గల్లీ అంతా ఒప్పుకుంటుంది. మిగతా సంగతుల్లో మాత్రం ఆమె మాట ఎవరూ వినరు.

ఆమె కూతురు దేవమ్మ ఆరేళ్ళ కిందట రైల్వేలో పనిచేసే పీటర్‌ను పెళ్ళి చేసుకుంది. ఆ వారమే గల్లీ పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. దేవమ్మ ఈ గల్లీలో కాలు పెట్టకూడదు. సంగమ్మ కూతురి గడప తొక్కకూడదు. ఎవరు తప్పినా సంగమ్మ ఇల్లు ఖాళీ చేయాలి. తల్లికి ఉన్న నీడ పోతుందని దేవమ్మ ఇటు తొంగి చూడలేదు. తరువాత ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది, నాలుగేళ్ళు నిండాయి. అదే ఊళ్ళో ఉన్న ఆ పిల్ల మొహం సంగమ్మ ఇంతవరకూ చూడలేదు. చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. మొన్న దసరాకు కూడా బస్వరాజ్‌ను అడిగింది.

"నా కండ్లు మూతబడకముందు మనుమరాలిని ఒక్కసారి సూడనియ్యుండ్రి."

"సూద్దాం తియ్యవ్వా," అన్నాడు బస్వరాజ్.

ఇప్పుడు ఆ బస్వరాజ్‌తో సహా గల్లీ అంతా ఆమె వాకిట్లో నిలబడింది.

సంగమ్మ మెల్లగా లేచింది. పడమటి దిక్కు చూసింది. పొగ నిటారుగా నిలబడి ఉంది. చాటలో గుప్పెడు జొన్న పొట్టు వేసుకుని ఎగరేసింది. పొట్టు సరాసరి ఆమె కాళ్ళ మీదే పడింది.

"ఆగింది," అంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఆగిన గాలి తిరుగుతది. పొద్దు నెత్తిమీదికొచ్చే యాళ్ళకు పడమటికెంచి కొడతది. జర జల్ది కదలుండ్రి."

పీల్చుకున్న ఊపిరి ఎవరూ వదల్లేదు.

"యాడికి పోదమవ్వా?" అన్నాడు అమర్నాథ్.

"స్టేషన్‌కు. ఆడ గడ్డి లేదు, కంకర ఉన్నది. కంకర అంటుకోదు. పిల్లాజెల్లా అందరు పోవాలె. ఒక్కరు ఆగొద్దు."

గంటలో గల్లీ మొత్తం బండ్లకెక్కింది. వార్తల్లో గాలి గురించి చెబుతారేమోనని అమర్నాథ్ రేడియో చంకన పెట్టుకున్నాడు. విరూపాక్ష కుట్టు మిషను తల ఊడదీసి భుజానికెత్తుకున్నాడు. అతని భార్య రోలు దొర్లించుకుంటూ బయలుదేరింది. రోలు కాలదని ఆమెకు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

బస్వరాజ్ మరీ చెడ్డవాడేం కాదు. ఆఖరి బండిని సంగమ్మ ఇంటి ముందు ఆపించాడు.

"ఎక్కు అవ్వా. నిన్ను ఇడిసిపెట్టి పోతే మాకు పాపం తగుల్తది."

"నా మోకాళ్ళు బండెక్కయి. నువ్వు పో."

"ఎత్తి కూసోబెడత."

"వద్దు బస్వరాజా. బతికింది సాలు. నాకోసం ఏడ్సెటోళ్ళు ఎవరున్నరీడ?"

బస్వరాజ్ తల దించుకున్నాడు. ఆ తీర్పు చదివి వినిపించింది ఆయనే. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని గొణుక్కుంటూ బండి తోలించాడు.

గల్లీలో ఒక కుక్క, సంగమ్మ మిగిలారు. ఆమె ఇల్లు ఊడ్చింది. పొయ్యి వెలిగించి జొన్న రొట్టెలు చేసింది.

పొద్దు నెత్తిమీదికి వచ్చింది. చెట్టు మీద ఆకు కదల్లేదు.

గల్లీ మొదట్లో ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడయింది. దేవమ్మ. చంకలో పిల్ల. కాళ్ళకు చెప్పుల్లేవు. ఆరేళ్ళుగా తొక్కని గడపను చూసుకోకుండానే దాటేసింది.

"అమ్మా! అందరు స్టేషన్‌కొచ్చిన్రు, నువ్వొక్కదానివే రాలే. ఒక్కొక్కరి మొకం ఎతికిన. నా పాణం పోయిందే!"

సంగమ్మ పిల్లను అందుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. బుగ్గలు తడిమింది. తల వాసన చూసింది. కళ్ళ నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు. పిల్ల ఆ కొత్త ముసలమ్మను ఒకసారి చూసి, రొట్టెల వైపు చూసింది.

దేవమ్మ తల్లి చెయ్యి పట్టి లాగింది.

"ముద్దులు తర్వాత, ముందు లేవే! గాలి తిరుగుతదంటున్నరు. మంట మీదికొస్తే ఎట్లనే?"

సంగమ్మ రొట్టె తుంచి మనవరాలి నోట్లో పెట్టింది.

"వానకాలం మిరుగు కార్తె రాకముందు ఈడ పడమటి గాలి ఏడికెంచి వస్తదే పిచ్చిదానా, వాళ్ళందరిని స్టేషన్ కాడ మీ క్వార్టర్ ముంగటికి తోలకపోతే, నేనొక్కదాన్నే ఉన్ననని నీకు ఎట్ల తెలుస్తుండె?"