బొమ్మ గౌను

"ఈ గౌను ఎవరు ఉతికిన్రు?"

ఉబైద్ అరుపుకు ఎగ్జిబిషన్ హాలంతా ఉలిక్కిపడింది. నాలుగింటికి పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించాలి. గోడల నిండా నాట్యం చేసే పిల్లల పటాలే. నూట యాభై ఏళ్ల కిందటి ఆ ఫ్రెంచి చిత్రకారుడికి ఆపెరా పిచ్చి. తెర ముందు ఆటకన్నా, తెర వెనక కాళ్లు పిసుక్కునే పిల్లలంటేనే అతనికి ప్రాణం. వాళ్లలో ఒకతెను బొమ్మగా చేసి, నిజం గుడ్డతో గౌను తొడిగాడు. పొద్దుటిదాకా మట్టిరంగులో ఉన్న ఆ గౌను ఇప్పుడు తెల్లగా మెరుస్తూ నీళ్లోడుతోంది.

"నేనే సార్," అంది గంగాబాయి, చేతిలో మాపు కర్రతో.

క్లీనింగ్ సూపర్‌వైజర్ ఉబైద్ గబగబా ఆమె దగ్గరికొచ్చాడు. ఈ అరబ్బుల దేశానికొచ్చిన ఆరేళ్లలో ఒక్క మాట పడని మనిషి. ఇవాళ ఏం పోయేకాలం వచ్చింది?

"దిమాక్ ఖరాబైందా? నీ నౌక్రీ పోతది! మేడమ్ వస్తది, గల్తీ అయిందని కాళ్ల మీద పడు. సమజైందా?"

"చేసింది చేసిననే చెప్త. తీసేస్తె తీసెయ్యనియ్యిన్రి."

నిజాయితీ కూడు పెడుతుందా, పిచ్చిది!

ఎగ్జిబిషన్ మేడమ్ రానే వచ్చింది. ఉబైద్ గంగాబాయిని నోరు తెరవనివ్వలేదు. మాసిన గుడ్డ కనబడితే చెయ్యి ఊరుకోని పల్లెటూరి ఆడది, ముట్టుకోవద్దని తానే చెప్పలేదని, వచ్చీరాని ఇంగ్లిషులో తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. సిగ్గు విడిచి చేతులు జోడించాడు.

మేడమ్ గౌను అంచు పట్టి చూసి నవ్వేసింది. అసలుది ఎప్పుడో చీకిపోయిందట. ఇది పోయిన నెల కుట్టించి, పాతదానిలా కనబడాలని టీ నీళ్లలో ముంచిందట. ఇంకొకటి సిద్ధంగా ఉంది.

"పాపం, ఆమెనేమీ అనకండి," అని వెళ్లిపోయింది.

ఉబైద్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూసినవా? నీ నౌక్రీ ఎక్కడికీ పోలే! యల్లా, పనికి పో."

గంగాబాయి మాపు కర్ర వదిలేసి నేల మీద కూలబడింది.

"ఏందమ్మా, ఖుషీ లేదా?"

"నిన్న మిమ్ముల్ని లీవు అడిగితె, ఎందుకని సుత అడగక మాఫీ, లేదు పొమ్మన్నరు. పనిలకెల్లి తీసేస్తెనన్న కంపెనీ ఇయ్యాలనే ఇమానం ఎక్కిస్తదనుకున్న సార్... ఊళ్లె నా బిడ్డ పీనుగను రేపటిదాకనే ఐసుపెట్టెల ఉంచుతరట."