కొలిమి బట్టలు

"మీ మూత్రంలో క్యాడ్మియం ఉండాల్సినదానికి నాలుగింతలుంది, జెల్యో గారూ."

డాక్టర్ స్తోయ్కోవా మాటకి జెల్యో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రోడోపీ కొండల్లోని ఆ జింకు కర్మాగారంలో కొలిమి పని అతనిది. జింకు కరిగించేటప్పుడు వెలువడే విషలోహం క్యాడ్మియం. ఏటా జరిగే ఈ పరీక్ష తప్పితే కొలిమి నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెడతారు. జీతం సగమైపోతుంది.

"పొరపాటేమో డాక్టరమ్మా!"

"రెండుసార్లు చూశారు. మాస్కు పెట్టుకోరా?"

"ఎప్పుడూ తియ్యను."

"మరి ఊరికే వచ్చిపడిందా? నడుము నొప్పి ఉందా?"

జెల్యో గోడకేసి చూశాడు. "ఉంది. రెండేళ్లుగా. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కడం..."

"రెండేళ్లా! రకియా సారా రాసి రుద్దితే పోతుందనుకున్నారు కదూ?"

"వయసులే అని నవ్వేశాను."

"బాగా నవ్వారు! పని బట్టలు ఎక్కడ ఉతుకుతారు?"

"ఇంట్లోనే. ఫ్యాక్టరీలో వేస్తే ఎవరివో చేతికొస్తాయి. మా ఆవిడ నెదియల్కా దులిపి, చేత్తోనే ఉతుకుతుంది."

"ఆ దుమ్మంతా ఇంటికి మోసుకెళ్తున్నారా? ఇన్నేళ్లూ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేకపోయాడు.

"క్యాన్సరా?" అన్నాడు చివరికి.

"ఇప్పుడే చెప్పలేను. ఇది కిడ్నీల్లో చేరితే ఏళ్ల తరబడి కదలదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా పెంచుతుంది. రేపు స్కాన్ తీయిద్దాం. ఇక కొలిమి మాటెత్తకండి."

"కొలిమి పోతే పోనివ్వండి. స్కాన్ ఇవాళే తియ్యలేరా?"

డాక్టర్ కళ్లజోడు తీసి అతన్ని చూసింది. "ఈ గదిలో ఉద్యోగం కోసం ఏడ్చినవాళ్లనే చూశాను ఇంతవరకూ. ధైర్యంగా ఉండండి. కింద మీ ఆవిడ ఉన్నారుగా, పిలవండి. నేను చెబుతాను."

"వద్దమ్మా. నేనే చెప్పాలి. చెప్పి... నేనే తీసుకొస్తాను."

తలుపు దగ్గర ఆగి ఏదో అనబోయాడు. సిగ్గుతో టోపీ మొహమ్మీదికి లాక్కున్నాడు. మూడంతస్తుల మెట్లూ గబగబా దిగాడు.

బెంచీ మీద కూర్చున్న నెదియల్కా గోడ పట్టుకుని మెల్లగా లేచింది. పాలిపోయిన అతని మొహం చూసి, అటూ ఇటూ చూసి, నవ్వాపుకుంటూ చెవిలో అడిగింది:

"సీసాలోది నాదని కనిపెట్టేశారా?"