తొమ్మిది తలుపులు

“వదినా, ఆరో ఇంటి తలుపు ఒంటి రెక్కదా, రెండు రెక్కలదా?” నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగింది టైలరమ్మ.

“ఒంటి రెక్కదే. కిందంతా ఎలకలు కొరికేసి ఉండేది” అంది ఆడపడుచు, కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని దారం ఉండ చుడుతూ.

“కొరికింది కూడా కుట్టనా?”

“కుట్టు. ఎలకని కూడా కుట్టు. మా తమ్ముడు చీపురు పట్టుకుని దాని వెంటపడి, గడప తట్టుకుని తనే బోర్లా పడ్డాడు. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.”

టైలరమ్మ కూడా నవ్వి, సుద్దముక్కతో తలుపు కింద వంకరటింకర గీత ఒకటి గీసుకుంది.

శనివారంతో టైలరమ్మ భర్తకి పోస్టుమాస్టరు ఉద్యోగం అయిపోతుంది. ముప్పై మూడేళ్ళ కొలువు, బదిలీ మీద బదిలీ, తొమ్మిది అద్దె ఇళ్ళు. ఈ పదోది ఒక్కటే సొంతిల్లు, వచ్చి మూడేళ్ళయింది. ఆ తొమ్మిది ఇళ్ళనీ ఓ బొంత మీద కుట్టి, ఆఖరి రోజు ఆయన ఇంటికొచ్చేసరికి మంచం మీద పరచాలని టైలరమ్మ పట్టు. గోడలకి కొత్త తెల్లగుడ్డ. తలుపులకి మాత్రం ఏ ఇంట్లో తొడిగిన గౌను ముక్క ఆ ఇంటికే. ఆ గౌన్లన్నీ అటక మీది రేకు పెట్టెలో ఉన్నాయి. చిక్కంతా ఆ పెట్టెతోనే.

“ఈ ఇంటికొచ్చాక దాన్ని ఒక్కసారన్నా తెరిచాడా వాడు?” అంది ఆడపడుచు. “ఒక్క గుడ్డపీలిక పారెయ్యనివ్వడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నువ్వేమో కత్తెర పట్టుకుని కూచున్నావు. వాడికి కోపం రాదు, వస్తే నెలరోజులు మాట్లాడడు. తెలుసుగా?”

“తెలుసు వదినా.”

“తెలిసే పెట్టుకున్నావా?”

“పాత రోజుల గురించి ఆయన పెదవి విప్పి ఎన్నాళ్ళయిందో మీరే చెప్పండి. నేనడిగితే ‘ఇప్పుడెందుకులే’ అని లేచి వెళ్ళిపోతారు. ఇంట్లో ఉండేది ఇద్దరం. శనివారం దాటితే పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. ఇలా నోళ్ళు కుట్టేసుకుని ఎన్నేళ్ళు కూచుంటాం?” టైలరమ్మ సుద్దముక్క కింద పెట్టింది. “కోప్పడితే కోప్పడనివ్వండి. అదీ ఒక మాటేగా.”

ఆడపడుచు దారం ఉండ కాస్త గట్టిగా చుట్టింది.

కత్తెర మాట వచ్చింది కనక ఇదీ చెప్పాలి. టైలరమ్మ ఏ గౌనునీ పైనుంచి కొయ్యలేదు. కింది అంచు విప్పి, లోపలికి మడిచిన గుడ్డలోంచి అరచేయంత ముక్క తీసుకుని, అంచు మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఎక్కడిదక్కడ పెట్టెలో సర్దేసింది. బడిపిల్లల యూనిఫారాలు ఇరవై ఏళ్ళు కుట్టిన చెయ్యి అది. మడతలో ఎంత గుడ్డ దాక్కుంటుందో దానికి బాగా తెలుసు. ఎండ తగలని చోటేమో, రంగు కొన్నరోజున ఉన్నట్టే ఉంది. ఆ రంగులు చూస్తుంటే ఒక్కోసారి ఆమెకి చెయ్యి ఆడేది కాదు.

“రెండో ఇల్లు చెప్పండి వదినా.”

“ఎన్నిసార్లు చెప్పించుకుంటావే? గడియారాల షాపు మీద మేడ. గంటయిందంటే కింద నలభై గడియారాలు ఒక్కసారే మోగేవి. ఎంత ముఖ్యమైన మాటైనా సగంలో ఆపుకుని మొహమొహాలు చూసుకుంటూ కూచోవడమే. పన్నెండు కొట్టేటప్పుడైతే అసలు ఏం మాట్లాడుకుంటున్నామో కూడా మర్చిపోయేవాళ్ళం.”

“ఏడోది?”

“కొండవాలు మీద. పెరటి తలుపు తీస్తే చాలు, మబ్బు తిన్నగా వంటింట్లోకే. ఆరేసిన బట్ట ఓ పట్టాన ఆరేది కాదు. ఈ పసుపుపచ్చ గౌను తడిదే తొడుక్కోవడం, రోజంతా తుమ్మడం.”

ఆ తుమ్ములు వినబడుతున్నట్టే టైలరమ్మ తల ఊపింది.

శనివారం సాయంత్రం పోస్టుమాస్టరు చేతిలో పూలగుత్తితో వచ్చి, బూట్లు విప్పి పడగ్గదిలోకి వెళ్ళాడు. ఎంతకీ ఉలుకూ పలుకూ లేదు. టైలరమ్మ వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగిపోయింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఆడపడుచు కత్తి చప్పుడు కూడా ఆగింది.

ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో తలుపునీ వేళ్ళతో తడుముతున్నాడు. నీలం గళ్ళది. కనకాంబరం రంగుది. పసుపుపచ్చ దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. అనవసరంగా పెట్టె ముట్టుకున్నానేమో అనుకుంది టైలరమ్మ.

“ఇది తప్పు” అన్నాడాయన.

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “ఏమిటండీ?”

“ఈ తలుపుకి గొళ్ళెం ఎడమపక్కన ఉండేది. నువ్వు కుడిపక్కన కుట్టావు. మా అక్క చెప్పుంటుంది. ఆవిడకి ఏ ఇంట్లోనూ కుడీ ఎడమా తెలిసి చావదు.”

“నీకు తెలిసే గడప తన్నుకున్నావు పాపం” అంది ఆడపడుచు వంటింట్లోంచే.

ఆయన నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు. మబ్బు, తుమ్ములు, గడియారాలు, ఎలక. చీకటి పడ్డా లైటు వెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆడపడుచు దగ్గర పదిసార్లు విన్నవే అయినా, టైలరమ్మ మంచం పట్టె మీద కూర్చుని అన్నిటికీ ఊ కొట్టింది.

“ఇక్కడో గడి ఖాళీగా వదిలేశావేం?” అన్నాడాయన బొంత మూల చూపిస్తూ. “మన ఈ ఇల్లు కుట్టలేదా?”

“మీరు అడిగితే కుడదామని.”

ఆయన ఆ ఖాళీ గడిని అరచేత్తో సాపు చేశాడు.

“నీ గౌనొకటి తీసుకురా. సూదిలో దారం నేనెక్కిస్తాను.”

టైలరమ్మ లేచింది గానీ, బీరువా తాళం ఎక్కడ పెట్టిందో వెంటనే గుర్తు రాలేదు.

పెట్టెలోని గౌన్లన్నీ ఆయన మొదటి భార్యవి. ఆ తొమ్మిది ఇళ్ళలో ఒక్కదాంట్లోనూ టైలరమ్మ కాపురం చెయ్యలేదు.