ఉప్పురాయి దగ్గర తోడేలు

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. నేరం చేసినవాడు నాకిన ఉప్పురాయిని నష్టపోయినవాళ్లు కూడా నాకితే, క్షమించినట్టే. ముసలిదై, పళ్లన్నీ ఊడిపోయి, భక్తిలో పడ్డ తోడేలు ఒకరోజు వచ్చి ఆ రాయి నాకింది. జింకల మంద చుట్టూ చేరింది. ఇక నాకాల్సింది పొన్నారి అనే లేడి. దాని బిడ్డను ఆ తోడేలే తినేసింది.

"వనదేవత క్షమించమంటోంది తల్లీ, మంద శాంతి కోసం," అన్నాడు పెద్ద దుప్పి. శాంతి కోసం త్యాగం చెయ్యమని ఎప్పుడూ పోగొట్టుకున్నవాళ్లనే అడుగుతారు.

"వీడు తిన్నది దేవత బిడ్డనా తాతా, నా బిడ్డనా?" అని పొన్నారి తోడేలు వైపు తిరిగింది. "ఏదీ, నా బిడ్డ ఎలా ఉండేదో చెప్పు."

తోడేలు తల దించుకుంది. "చాలామందిని తిన్నానమ్మా. గుర్తులేదు."

"గుర్తులేనిదానికి క్షమాపణేంటిరా? ముందు నేర్చుకో. ఆ తర్వాత అడుగు."

అప్పట్నుంచి రోజూ సాయంత్రం పొన్నారి చెప్పేది, తోడేలు వినేది. ఎడమ చెవి మీద తెల్లమచ్చ. ఉరుమంటే భయం. ఆకలేస్తే పిలిచే తీరు. "వీడికి మరుపు రానీయకు తల్లీ," అని దేవతకు మొక్కుకుని మరీ మొదలుపెట్టేది.

ఒకనాడు తోడేలు నోరు తెరిస్తే, లోపల్నుంచి చిన్న లేడిపిల్ల ఆకలి అరుపు వినిపించింది. అచ్చంగా అదే గొంతు. మందంతా చెదిరి పారిపోయింది. అందరికంటే ముందు పరిగెత్తినవాడు పెద్ద దుప్పి.

పొన్నారి క్షమించలేదు. కానీ ఎండిపోయిన పొదుగులోకి పాలు దిగాయి, కాళ్లు వాటంతటవే తోడేలు వైపు నడిచాయి.